రెండు పంచాంగాలూ, ఒక ప్రైమరీ

ఇది రాయడం మొదలుపెడితే మహాకావ్యమంత అవుతుందని అనుకున్నాను. ఎందుకంటే ఇందులో రెండు వంశాలున్నాయి, ఆ రెండింటి మధ్యా రాజుకున్న పంతం ఉంది, పీటల దాకా వచ్చి ఆగిపోబోయిన ఒక పెళ్ళికూతురు ఉంది, బాపట్ల నుంచి రేపల్లె మీదికి దండెత్తి వచ్చిన ఒక వృద్ధుడున్నాడు, వీళ్ళందరికీ పైన సూర్యుడి పక్కకు వెళ్ళి కనిపించకుండా పోయిన ఒక గ్రహం కూడా ఉంది. కాండలు కాండలుగా రాయాలనే కూర్చున్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే, ఒక కంప్యూటరు ప్రోగ్రాములో నేను ఒక లైను రాయవలసి ఉండి రాయలేదు, అంతే. దీనికి కాండలెందుకు, ఒక పేరా చాలు. ఆ పేరా రాయడానికి సిగ్గుగా ఉండి చుట్టూ ఇంత అల్లుతున్నాను.

ఆ రోజుల్లో తెనాలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానని చెబితే జనం ముఖాలు జాలిగా పెట్టేవారు. ‘అయ్యో, హైదరాబాదులో రాలేదా బాబూ’ అని అడిగి, జవాబు వినకుండానే ‘వస్తుందిలే, దిగులుపడకు’ అని ధైర్యం చెప్పేవారు. నాకు దిగులేమీ లేదంటే నమ్మేవారు కారు. (నిజానికి హైదరాబాదులో రాలేదు. అది వేరే సంగతి.) బాపట్లలో ఇంజనీరింగు అయిందనిపించుకుని, ఇన్వర్టర్లు అమ్మే కొట్టు పైన మేడ మీద ఉన్న మా కంపెనీలో చేరాను. కంపెనీ అంటే ముగ్గురం. మొదటివారు సార్. ఆయన అంతకుముందు కంప్యూటర్ కోర్సులు చెప్పేవారు, అవి నడవక కంపెనీ పెట్టారు. రెండోది అక్క. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, ఆఫీసులో నా సీనియర్. రేపల్లె నుంచి రోజూ పాసింజరులో వచ్చి వెళ్ళేది. మా ప్రోగ్రాముల్లో సరిగ్గా పనిచేసే భాగాలన్నీ ఆవిడ రాసినవే. మూడోవాణ్ణి నేను. నా అసలు పని జోకులు వేయడమని సార్ అభిప్రాయం. సర్వరు పడిపోయి ఆయన తల పట్టుకుంటే ‘కాసేపు పడుకోనివ్వండి సార్, పొద్దుటి నుంచి పనిచేస్తోంది’ అనేవాణ్ణి. ఆయన నవ్వేవారు కారు. అక్క నవ్వేది, నవ్వుతూనే వెళ్ళి సర్వరు లేపేది.

మాకు దొరికిన పెద్ద గిరాకీ ఒక ఫంక్షన్ హాళ్ళ యజమాని. ఆయనకు తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి హాళ్ళున్నాయి. మూడింటి బుకింగులూ కంప్యూటర్లో పెట్టమన్నారు. పెట్టమని, ఒక షరతు చెప్పారు. మూఢం రోజుల్లో పెళ్ళికి హాలు ఇవ్వకూడదు. కంప్యూటరే ఆపాలి. ఆ రోజుల్లో ఆయన హాళ్ళకు సున్నాలు వేయించుకుంటారు. మూఢం అంటే, శుక్రుడో గురుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కంటికి కనిపించని రోజులు, అప్పుడు పెళ్ళిళ్ళు చేయరు. ఈ విషయం నాకు ఉద్యోగంలో చేరాక అక్క చెబితే తెలిసింది. మాది సంగం జాగర్లమూడి, మా నాన్న మిషన్ బడిలో టీచరు. మా ఇళ్ళల్లో పెళ్ళి పెట్టుకోవాలంటే పాస్టరుగారికి ఏ రోజు ఖాళీయో కనుక్కుంటే చాలు. గ్రహాల ఖాళీలు మేము కనుక్కోం.

అక్కడితో ఆగితే నేనీ కథ రాసేవాణ్ణి కాను. యజమాని ఇంకో మాట కూడా అన్నారు. తెనాలి, బాపట్ల హాళ్ళకు వచ్చేవాళ్ళు బాపట్ల సిద్ధాంతిగారి పంచాంగం నమ్ముతారు, రేపల్లెలో మాత్రం రేపల్లె సిద్ధాంతిగారి పంచాంగమే నడుస్తుంది, ఎవరిది వాళ్ళకు పెట్టాలి. బాపట్ల ఆయన ఆకాశంలో గ్రహం ఎక్కడ కనిపిస్తుందో ఆ లెక్కతో గుణిస్తారు. రేపల్లె ఆయన తాతముత్తాతల నుంచి వచ్చిన సూత్రాలతో గుణిస్తారు. ఇద్దరూ పెద్ద పండితులే. ఎటొచ్చీ మూఢం ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గర ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది. సిద్ధాంతులిద్దరూ ఎదురుపడితే ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగి తెలుసుకునేవారట. పోట్లాట అంతా వాళ్ళ పంచాంగాలు కొనుక్కున్నవాళ్ళ మధ్యనే.

ఇక్కడ మేము వాడిన జావా ఫ్రేమ్‌వర్క్ గురించి రెండు ముక్కలు చెప్పాలి (భయపడకండి, రెండే). మామూలుగా ప్రోగ్రాములో ఒక భాగానికి ఇంకో భాగం కావాలంటే తనే వెళ్ళి తెచ్చుకోవాలి. ఈ ఫ్రేమ్‌వర్క్‌లో ఆ శ్రమ లేదు. పెళ్ళి భోజనంలో బంతిలో కూర్చున్నవాడిలా ‘నాకో పంచాంగం’ అని రాసి కూర్చుంటే చాలు, ప్రోగ్రాము లేచేటప్పుడు ఫ్రేమ్‌వర్కే వెతికి తెచ్చి వడ్డిస్తుంది. వంటింట్లో పంచాంగం ఒక్కటే ఉన్నంతకాలం పేచీ లేదు. రెండు ఉంటే మాత్రం గరిటె పట్టుకుని నిలబడిపోతుంది. ‘ఒక్కటే ఉంటుందనుకున్నాను, రెండు కనబడ్డాయి’ అని ఎర్ర అక్షరాల్లో రాసి, ప్రోగ్రామును అసలు లేవనివ్వదు. తనంతట తాను ఒకదాన్ని ఎంచి పెట్టదు. అంత మర్యాద తెలిసిన యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఆ మర్యాదకు చిరాకుపడే మనిషిని మాత్రం రోజూ అద్దంలో చూసేవాణ్ణి.

దానికి జవాబు చెప్పే దారులున్నాయి. పంచాంగం అడిగే ప్రతిచోటా పేరు రాసిన చీటీ అతికించవచ్చు: ఇక్కడ రేపల్లెది, ఇక్కడ బాపట్లది అని. ఆ చీటీని క్వాలిఫయర్ అంటారు. లేదూ, రెండింటిలో ఒకదానికి ప్రైమరీ అని తలపాగా చుట్టవచ్చు. అప్పుడు చీటీ లేనిచోటికల్లా అదే వెళుతుంది. రెండూ కలిపి కూడా వాడుకోవచ్చు: బాపట్ల పంచాంగానికి తలపాగా చుట్టి, రేపల్లె హాలు దగ్గర మాత్రం చీటీ అతికిస్తే సరి. మా హాళ్ళకు చక్కగా సరిపోయేది అదే. అంటే రెండు పనులు. మొదటిది చేయగానే ఎర్ర అక్షరాలు పోతాయి. రెండోది చేయకపోయినా పోయే ఉంటాయి. నా పతనమంతా ఈ చివరి వాక్యంలో ఉంది.

అప్పటిదాకా ప్రోగ్రాములో బాపట్ల పంచాంగం ఒక్కటే ఉండేది. రేపల్లెది అక్క రాసింది. రాయడం పూర్తయ్యేసరికి ఆవిడకు పెళ్ళి సెలవు మొదలైంది. పెళ్ళి వాళ్ళ ఊళ్ళోనే, పెళ్ళికొడుకుది బాపట్ల. వెళ్ళేముందు బ్యాగు భుజాన వేసుకుని నా కుర్చీ పక్కన నిలబడింది.

“రెండోది కలపగానే ఇది లేవదు. కంగారుపడకు. అడుగుతుంది, సమాధానం చెప్పు.”

“ఎవరడిగినా సమాధానం చెప్పేవాణ్ణేనక్కా నేను.”

“అదే నా భయం. రేపల్లె బుకింగు దగ్గర చీటీ పెట్టడం మర్చిపోకు. ఒకదానికి ప్రైమరీ పెట్టేసి, ఎర్రర్ పోయింది కదా అని ఇంటికెళ్ళిపోకు.”

“నేనేమైనా అలాంటివాడినా అక్కా?”

ఆవిడ నా ముఖంలోకి ఓసారి చూసి, రేపల్లె బండికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు సాయంత్రం రెండో పంచాంగం కలిపాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. బాపట్ల పంచాంగానికి ప్రైమరీ పెట్టాను. ఎందుకు బాపట్లకే పెట్టావంటే మూడు హాళ్ళలో రెండింటికి అదే కదా అని ఒక న్యాయమైన కారణం చెప్పగలను. (అసలు కారణం, ఫైల్లో అది పైన ఉంది.) ప్రోగ్రాము లేచింది. తెనాలి హాలు చూశాను, బాగుంది. బాపట్ల హాలు చూశాను, బాగుంది. రేపల్లె హాలు చూసేలోపు గోడ గడియారం కనిపించింది. నేను ఎక్కవలసిన గుంటూరు పాసింజరు టైమైంది. రేపొచ్చి చీటీ అతికిద్దామనుకున్నాను. మర్నాడు వచ్చేసరికి ఎర్ర అక్షరాలు లేవు, అడిగేవాళ్ళు లేరు, నాకూ గుర్తు లేదు. సార్ సీడీ తీసుకుని వెళ్ళి మూడు హాళ్ళలోనూ ఎక్కించి వచ్చారు. వస్తూ నాకు మైసూర్ బజ్జీలు తెచ్చారు. తిన్నాను.

పెళ్ళి ఇంకా వారం రోజులుందనగా రేపల్లె హాలు మేనేజరు ఫోను చేశారు. పెద్దవయసు మనిషి, కంప్యూటరుతో మాట్లాడేటప్పుడు కూడా మీరు అనే రకం. పాత బుకింగులన్నీ ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు.

“బాబూ, శుక్రవారం పెళ్ళి ఒకటి ఉందండి. మాస్టారుగారమ్మాయిది. ఇది తీసుకోనంటోంది.”

“ఏమంటోంది బాబాయ్‌గారూ?”

“మూఢం అంటోందండి. గురువారం నుంచే మూఢమంట.”

“అయితే మూఢమేనండి.”

“మా సిద్ధాంతిగారు శనివారం నుంచి అన్నారే మరి.”

ఆ క్షణంలో నాకు మూఢం గురించి తెలిసినదంతా కలిపితే చెంచాడు. ఆ చెంచా ఎత్తి చూపించాను. “అది పాత లెక్క అయ్యుంటుందండి. కంప్యూటరులో ఉన్నది గ్రహాన్ని బట్టి వేసిన లెక్క. ఇది పొరపాటు పడదండి.”

“అంటారా?”

“అంటానండి.”

ఆయన ఇంకో రెండుసార్లు ‘అంటారా’ అన్నారు, నేను రెండుసార్లూ అన్నాను. రేపల్లెలో, వచ్చే శుక్రవారం, మాస్టారుగారమ్మాయి పెళ్ళి. అక్క పెళ్ళి రేపల్లెలో, వచ్చే శుక్రవారం, వాళ్ళ నాన్నగారు మాస్టారు. ఈ రెండు విషయాలూ నా తలలో పక్కపక్కనే కూర్చుని కూడా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఫోను పెట్టేసి, కస్టమర్ సపోర్టు అంటే ఇలా ఉండాలని సార్‌తో అన్నాను.

తరువాత జరిగినది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. నేనలా శాస్త్రం చెబుతున్నప్పుడు మేనేజరుగారి టేబులు ముందే పెళ్ళికొడుకు చిన్నాన్న కూర్చుని ఉన్నారు. విడిది గదులు చూసుకోవడానికి వచ్చారాయన. ఫోను మాటలు సగం విన్నారు, మిగతా సగం అడిగి తెలుసుకున్నారు, సాయంత్రానికల్లా బాపట్లలో దిగి పెళ్ళికొడుకు తాతగారికి చెప్పారు. ఆ తాతగారు నిశ్చితార్థం నాడే ఈ ముహూర్తం గురించి ఏదో నసిగారట. ఆయనకు బాపట్ల పంచాంగమే ప్రమాణం. ఆడపెళ్ళివారి సిద్ధాంతి పెట్టిన ముహూర్తమే ఖాయం చేసుకోవడం ఆనవాయితీ అని అందరూ కలిసి ఆయన్ను కూర్చోబెట్టారు. అంటే రెండు పంచాంగాల సమస్యను మనుషులు ఎంతో ఓపికగా, కాఫీలు తాగి, పరిష్కరించుకుని కూర్చున్నారు. నేను తెనాలి నుంచి ఫోనులో దాన్ని విప్పేశాను. ‘కంప్యూటరు కూడా నా మాటే చెప్పింది’ అని తాతగారు లేచారు. మూఢంలో పెళ్ళి జరగదు, మూఢం వెళ్ళాక చూద్దాం, అప్పటికి ఎవరి మనసులు ఎలా ఉంటాయో మరి, అని మాస్టారుగారికి కబురు పంపారు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోను చేసింది. నేనే ఎత్తాను.

“ప్రైమరీ పెట్టావా?”

హలో కూడా అనలేదు. “పెట్టానక్కా.”

“చీటీ?”

నా దగ్గర రెండు మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి, ఎప్పుడూ ఉంటాయి. వాటిని పక్కన పెట్టి “పెట్టలేదక్కా” అన్నాను. అవతల ఎవరో ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు. అక్క గొంతు తగ్గించింది.

“పొద్దుటి నుంచి మా నాన్న వరండాలో అలాగే కూర్చున్నారు. టిఫిన్ కూడా తినలేదు. ఏదీ అనరు, అదీ ఆయనతో వచ్చింది. నీకు తెలుసా, ఆ రెండో పంచాంగం నేను రాసేటప్పుడు మా ముహూర్తం పెట్టే టెస్ట్ చేశాను. సరిగ్గా వచ్చింది. మధ్యాహ్నానికల్లా వాళ్ళు బాపట్ల నుంచి హాలు దగ్గరకు వస్తున్నారు. నువ్వూ రా.”

“లాప్‌టాప్ తెస్తానక్కా.”

“నువ్వు వస్తే చాలు.”

సారూ నేనూ రేపల్లె పాసింజరెక్కాం. వేమూరు దాటేదాకా సార్ మాట్లాడలేదు. దాటాక, “ఒక్క లైనా?” అన్నారు. “ఒక్కటే సార్” అన్నాను. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆ దారిలో అంత పచ్చగా ఉంటుందని నాకు గుర్తు లేదు, సిగ్గుగా ఉన్నప్పుడు మనిషి బయటికి చాలా శ్రద్ధగా చూస్తాడు.

హాల్లో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసల్లో ఎదురెదురుగా వేశారు. ఒక వరసలో మాస్టారుగారు, వాళ్ళ బావమరిది, ఇంకెవరో పెద్దలు. ఎదుటి వరసలో పెళ్ళికొడుకు తండ్రి, చిన్నాన్న, మధ్యలో తాతగారు. తెల్ల చొక్కా, చేతికర్ర, నిటారుగా కూర్చుని ఉన్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారని తరువాత తెలిసింది. మేనేజరుగారు కంప్యూటరు టేబులు దగ్గర తానే తప్పు చేసినవాడిలా నిలబడ్డారు. అక్క గోడవారగా ఉంది. మాస్టారుగారు మాత్రం మమ్మల్ని చూసి లేచి, “రండి బాబూ, మంచినీళ్ళు తాగుతారా” అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

“కంప్యూటరు అబ్బాయి ఇతనేనా?” తాతగారు అడిగారు.

“నేనేనండి.”

“ఎవరబ్బాయివి నువ్వు?”

“సంగం జాగర్లమూడి అండి. మిషన్ బళ్ళో టీచరుగారబ్బాయిని.”

“అంటే మీరు చర్చికి...”

“వెళతామండి.”

“మరి శుక్రమూఢం ఎప్పుడు మొదలవుతుందో ఈ రేపల్లె మేనేజరుకు నువ్వు చెప్పావా?”

అవతలి వరసలో ఎవరో దగ్గారు. నవ్వు దగ్గుగా మారితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, జీవితమంతా ఆ దగ్గు తెప్పించడమే నా వృత్తి. అది నా మీదికి రావడం అదే మొదటిసారి. “చెప్పానండి” అన్నాను.

“కంప్యూటరు లెక్క తప్పదన్నావట.”

“అన్నానండి. కంప్యూటరుకు సొంత లెక్క లేదండి. అందులో బాపట్ల సిద్ధాంతిగారి లెక్కా ఉంది, రేపల్లె సిద్ధాంతిగారి లెక్కా ఉంది. ఈ హాలుకు రేపల్లెది పెట్టమన్నారండి. నేను పెట్టలేదండి.”

“ఎందుకు పెట్టలేదు?”

ఈ ప్రశ్న వస్తుందని తెనాలిలో బండెక్కినప్పటి నుంచీ తెలుసు. దీనికోసం దారిలో పెద్ద పెద్ద మాటలు కూడబెట్టుకున్నాను: కాన్ఫిగరేషన్, వెర్షన్, టెస్టింగ్ దశ. మాస్టారుగారు ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఆ గ్లాసు పట్టుకుని అవి చెప్పబుద్ధి కాలేదు.

“రైలు టైమైందండి.”

“ఏ రైలు?”

“గుంటూరు పాసింజరండి. సాయంత్రంది.”

తాతగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, నన్ను పైనుంచి కిందికి చూశారు. “అది ఏనాడైనా టైముకు వచ్చిందా?”

“రాదండి.”

“ఆ రోజు?”

“గంట లేటండి.”

ఈసారి దగ్గలేదు, నేరుగానే నవ్వారు. పెళ్ళికొడుకు తండ్రి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క వైపు చూడలేదు. తాతగారు మాత్రం నవ్వలేదు. ఆయన ఇంకేదో ఆలోచిస్తున్నారు.

“రెండు లెక్కలూ లోపల ఉన్నప్పుడు, అది ఏం చేసింది? దానంతట అదే ఒకటి తీసుకుందా?”

“లేదండి. రెండున్నాయి, ఏది కావాలో చెప్పమని అడిగి ఆగిపోయిందండి.”

“అడిగిందా?”

“అడిగిందండి. నేను సరిగ్గా జవాబు చెప్పకుండా, ఇదే పెద్దది అని ఒకదాని పేరు చెప్పి ఊరుకోబెట్టానండి. ఇక అది అడగలేదండి.”

తాతగారు మెల్లగా మాస్టారుగారి వైపు తిరిగారు. “మాస్టారూ, నిశ్చితార్థం నాడు నేనూ అంతే కదండీ. రెండు లెక్కలున్నాయి, ఏది పెట్టుకుందాం అని అడిగాను. మీ బావమరిదిగారు ఆనవాయితీ అన్నారు. మావాడు ‘ఊరుకో నాన్నా’ అన్నాడు. కాఫీ ఇచ్చారు. కాఫీ బాగానే ఉంది. జవాబే ఎవరూ చెప్పలేదు.”

నాకు అప్పుడు అర్థమైంది, ఆయన దండెత్తి వచ్చింది మూఢం కోసం కాదు. మాస్టారుగారు లేచి, రెండు వరసల మధ్య ఖాళీ దాటి, ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు.

“పొరపాటేనండి. ఆడపిల్ల తండ్రిని, కార్యం అయితే చాలనుకున్నాను. మీరు అడిగింది వినిపించుకోలేదు. ఇప్పుడు అడుగుతున్నానండి. పెద్దవారు, మీరు ఏ లెక్క అంటే ఆ లెక్కే పెట్టుకుందాం. ఆపుదామంటే ఆపుదాం.”

గోడ దగ్గర అక్క తల వంచుకుంది. ఆ పెళ్ళి ఆగితే ఇక మళ్ళీ కుదరదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ ఒక్క నిమిషంలో నేను చేసుకున్నన్ని ప్రార్థనలు మా పాస్టరుగారు ఎన్నడూ నాచేత చేయించలేకపోయారు.

తాతగారు గొంతు సవరించుకున్నారు. “ఆపడమెందుకండీ. అడిగారుగా. బాపట్లలో గురువారం నుంచి మూఢం, ఇక్కడ శనివారం నుంచి. పెళ్ళి జరిగేది ఇక్కడేగా. ఇక్కడ మీ సిద్ధాంతిగారిదే కానివ్వండి. మా ఊళ్ళో చేసుకునేవి మా లెక్కతో చేసుకుంటాం.” ఆ తరువాత నా వైపు కర్ర చూపించి, “ఏమయ్యా, నీ యంత్రానికి ఇలా చెప్పడానికి వీలుందా, లేదా?” అన్నారు.

“ఉందండి” అన్నాను. “అది చేయడానికే వచ్చానండి.”

అందరూ చూస్తుండగా టేబులు దగ్గర కూర్చుని ఆ ఒక్క లైను రాశాను. అక్క వచ్చి కుర్చీ వెనక నిలబడింది. పెళ్ళికి వారం ఉన్న ఆడపిల్ల ఏమంటుందోనని వెన్ను బిగబట్టుకున్నాను. “కొటేషన్ మూయలేదు” అంది. మూశాను. ప్రోగ్రాము లేచింది. మేనేజరుగారు శుక్రవారం పెళ్ళి మళ్ళీ ఎక్కించారు, ఈసారి తీసుకుంది. ఆయన తెరకు దండం పెట్టబోయి, నన్ను చూసి మానుకున్నారు.

కాఫీలు వచ్చాక అక్క నన్ను మెట్ల దగ్గరకు పిలిచింది.

“బండి గంట లేటని తెలిశాక, స్టేషన్ నుంచి ఆఫీసు అయిదు నిమిషాలే కదా. వెనక్కొచ్చి రాసి వెళ్ళచ్చుగా?”

“తోచలేదక్కా.”

“ప్లాట్‌ఫాం మీద ఏం చేశావు?”

“జామకాయలు తిన్నాను.”

ఆవిడకు వచ్చింది నవ్వో ఏడుపో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, కొంగుతో ముఖం తుడుచుకుంది. “పెళ్ళికి వస్తావుగా?” అంది. “నన్ను రానిస్తే” అన్నాను. “నీకు పని ఉంది, వడ్డన” అంది.

శుక్రవారం పెళ్ళి బాగా జరిగింది. సాంబారు బకెట్టుతో వరసల వెంట తిరిగాను. తాతగారి బంతికి రాగానే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, “పప్పు పులుసా, సాంబారా అని అడగవేంటి? రెండూ ఉన్నాయిగా” అన్నారు. పక్కనున్నవాళ్ళకు అర్థం కాలేదు. “ఏది వేయమంటారండీ” అని అడిగాను. “సాంబారే వెయ్యి” అన్నారు. ఆ తరువాత వరస చివరిదాకా ఒక్కొక్కరినీ అడిగి అడిగి వడ్డించాను. సాంబారు చల్లారిపోయిందని వెనక బంతివాళ్ళు తిట్టారు.

అక్క పెళ్ళయ్యాక కూడా మా ఆఫీసుకే వచ్చేది, ఎటొచ్చీ రేపల్లె బండికి బదులు బాపట్ల బండి దిగేది. ఆ కథ ఆవిడ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పింది, నేను పక్కన కూర్చుని ఉండగానే. మధ్యలో ఎక్కడైనా తప్పు చెబితే నేనే సరిదిద్దేవాణ్ణి. తరువాత నేను చాలా చోట్ల పనిచేశాను, హైదరాబాదులో కూడా వచ్చింది. ‘ఒకటి అనుకున్నాను, రెండు కనబడ్డాయి’ అని ఆ ఎర్ర అక్షరాలు ఎప్పుడు వచ్చినా, నా పక్కనున్న కుర్రవాళ్ళు విసుక్కుంటారు. నేను మాత్రం కాస్త నిటారుగా కూర్చుంటాను, ఎదురుగా కర్ర పట్టుకున్న పెద్దాయన ఎవరో ఉన్నట్టు. బండి ఆలస్యమవుతుంటే ప్లాట్‌ఫాం మీద ఏ చింతా లేకుండా ఉప్పూకారం అద్దుకుని జామకాయ కొరుకుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే సిగ్గేస్తుంది. వాడంత హాయిగా జామకాయ తిని మాత్రం ఎన్నేళ్ళయిందో.

రేపల్లెలో ఆ హాలు ఇప్పుడు కూడా ఉంది. పెళ్ళికి మీకు కావాలంటే పొద్దున పది దాటాక వెళ్ళండి, సోమవారం ఆఫీసు తీయరు.